బెల్టు ఆగాక వినబడే రెండు దెబ్బలు

"సద్ది తినేసి పోరాదా? సంగటి ఆరిపోతాది."

"మూడో బెల్టు కింద యేదో రోలరు ఏడుస్తాండాది. యాడిదో విని వస్తా."

మేమిద్దరం చివరగా మాట్లాడుకున్నది ఇంతే. ఆయన నా మొగుడు రవణప్ప. ఈ పేరు నా నోటితో నేను చెప్పలేదు. నేను "ఆయన" అంటే నా మనవరాలు రూప పేరు రాసుకుంది. ముందు ముందు కూడా ఆ పేరు వచ్చే చోట తనే పూరిస్తుంది.

రూప నా కూతురి బిడ్డ. చింతామణిలో మెకానికల్ డిప్లొమా చదివింది. వచ్చే సోమవారం చిక్కబళ్ళాపురం దగ్గర ఒక క్వారీలో మెషిన్ల మెయింటెనెన్సు పనికి చేరుతోంది. "అవ్వా, నువ్వు గ్రీజు గన్ను పట్టినదానివి కదా, నాకు రెండు మాటలు చెప్పు" అని మొన్న అడిగింది. రెండు మాటలతో తెగే సంగతి కాదు, కూర్చుని రాసుకో అన్నాను. నాకు సంతకం పెట్టడం, బస్సు బోర్డు కూడబలుక్కోవడం వచ్చు. అంతకు మించి రాదు. నేను చెబుతున్నాను, తను రాస్తోంది. నాది దుమ్ము మింగిన గొంతు. దగ్గు వచ్చినప్పుడు తన చెయ్యి కూడా ఆగుతుంది.

క్వారీ పని అంటే

క్వారీ అంటే బయటివాళ్ళకి గుర్తొచ్చేది పేలుడు. కొండకు మందు కూరి పేల్చడం రోజులో ఒక్క క్షణం. మిగిలిన పొద్దంతా నడిచేది క్రషరు. టిప్పర్లు తెచ్చి పోసిన బండల్ని దవడల్లాంటి రెండు ఇనుప పలకలు నములుతాయి. నమిలిన జల్లి, అదే కంకర, చూటు అనే ఇనుప తొట్టిలోంచి జారి రబ్బరు బెల్టు మీద పడుతుంది. బెల్టు కింద వరసగా రోలర్లు ఉంటాయి, ఒక్కో రోలరుకి రెండు చివర్లా బేరింగులు. వాటికి వేళకు గ్రీజు పడకపోతే రోలరు బిగుసుకుంటుంది. బిగుసుకున్న రోలరు మీద పరుగెత్తే బెల్టుకి అది కత్తిపీటతో సమానం. బెల్టు తెగితే క్రషరు ఆగుతుంది, టిప్పర్లు వరసగా నిలబడతాయి, ఓనరు నోటికి అడ్డు ఉండదు. మా పని మొత్తం ఆ నోరు తెరవకుండా చూసుకోవడమే.

మా క్వారీ కెంచార్లహళ్ళికి అవతల గుట్టల్లో ఉండేది. మాది కూలికి పోయిన వంశం కాదు. టమోటా పండే చేను ఉండేది. బోరు ఎండిపోయింది, ఇంకొకటి వేస్తే అందులో దుమ్మే లేచింది. అప్పుడు ఆయన క్రషరు పనికి పోయినాడు. కొన్నాళ్ళకి నేనూ పోయి బెల్టుల కింద రాలిన జల్లి ఊడ్చే ఆడవాళ్ళలో కలిశాను. ఆయన గ్రీజు మనిషి అయ్యాడు.

ఆయన బేరింగును వినేవాడు. బెల్టు తిరుగుతుండగానే పొడుగు స్పానరు ఒక కొస బేరింగు పెట్టె మీద ఆనించి, రెండో కొస చెవి వెనక ఎముకకు ఆనించుకునేవాడు. క్రషరు మోతలో ఏళ్ళు గడిచి ఆయనకు మనుషుల మాట సగం వినపడేది కాదు. ఎముకలోంచి వచ్చే ఇనుము మాట మాత్రం వినపడేది.

"నా మాటకి కూడా ఆ స్పానరే పెట్టుకోరాదా?" అని నేను దెప్పేదాన్ని.

"నీకు స్పానరు యాల? నీ మాట చాకవేలు ఊరి దాకా వినపడతాది" అనేవాడు.

చెవి అలా ఉండబట్టే మా క్రషర్లో ఒక వాడుక పుట్టింది. ఇక్కడే జాగ్రత్తగా రాయి రూపా. గ్రీజు పెట్టాలంటే ఆయన తువ్వాలు ఊపేవాడు, క్యాబిన్లో ఆపరేటరు చూసి బెల్టు ఆపేవాడు. ఆయన కిందికి దూరేవాడు. అక్కడికి దూరిన మనిషి క్యాబినుకు కనపడడు. పని అయి బయటికి వచ్చినాక స్పానరుతో ఇనుప చట్రం మీద రెండు దెబ్బలు కొట్టేవాడు. ఆ మోత చట్రం పొడుగునా పోయి క్యాబిను దగ్గర తేలేది. ఆపరేటరు "సరే అప్పా" అని కేకేసి మీట నొక్కేవాడు. కేకలు వేసుకోవడం కంటే ఇది మేలని అందరికీ అలవాటైంది. ఓనరు కూడా మెచ్చుకున్నాడు, టైము మిగులుతోందని.

ఆరోజు ఆయన సద్ది మూత కూడా తీయకుండా పోయి విన్నాడు, తువ్వాలు ఊపాడు, బెల్టు ఆగింది, లోపలికి దూరాడు. ఆయన ఇంకా లోపల ఉండగానే బెల్టు కదిలింది. ఇంతకు మించి ఆ సంగతి చెప్పను.

మధ్యాహ్నం మోత

మీట నొక్కింది గంగులప్ప. ఆయనకు తోడబుట్టినవాడి లాంటి మనిషి. "రెండు దెబ్బలు విన్నా. నా బిడ్డల మీద ఒట్టు, విన్నాకే నొక్కినా" అని అందరి ముందూ ఏడ్చాడు. ఎవరూ నమ్మలేదు. లోపల ఉన్న మనిషి బయట దెబ్బలు ఎట్లా కొడతాడు? తాగి ఉన్నాడన్నారు, కునికాడన్నారు. వాడి కులం చుట్టాలే వాడికి నీళ్ళివ్వడం మానేశారు. ఓనరు వాణ్ణి క్యాబినులోంచి దించి దారికి నీళ్ళు చల్లే పని ఇచ్చాడు. క్యాబిను మునిరాజుకి ఇచ్చారు. నేను ఎదురుపడితే గంగులప్ప ట్యాంకరు చాటుకు పోయేవాడు.

నేను మళ్ళీ పనికి వచ్చిన తర్వాత, అన్నాల వేళ క్రషరు ఆపారు. మోత నిండిన చోట మోత ఆగితే చెవుల్లో ఒక గుయ్యిమనే శబ్దం మిగులుతుంది. అదీ అణిగింది. మేం ఆడవాళ్ళం కంకర గుట్ట నీడలో గిన్నెలు విప్పుకున్నాం. ఎర్రటి ఎండ. గాలి లేదు. మూడో బెల్టు వైపు నుంచి వినపడింది.

ఠంగ్.

కొంచెం ఆగి ఇంకొకటి. ఠంగ్.

అందరి చేతుల్లోనూ ముద్దలు ఆగిపోయాయి. అది స్పానరు చట్రానికి తగిలినట్టే ఉంది. ఆయన కొట్టినట్టు నిదానంగా, మొదటిదాని కంటే రెండోది కాస్త మెత్తగా. మా దగ్గర ఒక ఎర్ర కుక్క తిరుగుతుండేది. రోజూ ఆయన సద్దిలోంచి దానికో ముద్ద పడేది. అది లేచి, తోక ఊపుకుంటూ మూడో బెల్టు దాకా పోయి, అక్కడ తల పైకెత్తి నిలబడింది. ఎవరి మొహమో చూస్తున్నట్టు నిలబడింది.

మరుసటి రోజూ అదే. ఆ తర్వాతా అదే. ఒక్కొక్కసారి వచ్చేది కాదు. రాని రోజు ఇంకా భయం వేసేది, ఎప్పుడొస్తుందో అని. ఆడవాళ్ళు చూటు కింద రాయి మీద సంగటి పెట్టడం మొదలుపెట్టారు. ఆయుధపూజకి ఓనరు ఆ బెల్టుకు మామూలు కంటే పెద్ద బూడిద గుమ్మడికాయ కొట్టించాడు, ఇనుమంతా కుంకుమ పూయించాడు. మునిరాజు చిన్నవాడు, ధైర్యం చెడినవాడు. మోత వినపడితే క్యాబినులోంచే చేతులు జోడించి "సరే అప్పా" అనేవాడు. చచ్చిపోయిన మనిషికి జవాబు చెప్పకపోతే తన వెంట వస్తాడని వాడి భయం.

మొగవాళ్ళెవరూ ఆ బెల్టు కిందికి దూరనన్నారు. గ్రీజు పడక రోలర్లు ఒక్కొక్కటే బిగుసుకున్నాయి. బెల్టు అంచు పీలికలై, ఒకరోజు నిలువునా చీలింది. కొత్త బెల్టు తెచ్చిన రోజు ఓనరు నన్ను పిలిచాడు.

"నరసమ్మా, ఆ గన్ను నువ్వు పట్టుకో. నిన్నయితే ఆయప్ప యేమీ చెయ్యడు."

ఇదీ నాకు ఉద్యోగం వచ్చిన విధం. నాకు తిండి గింజలు కావాలి, నిజమే. దానికంటే పెద్ద కారణం, ఆ మోతకు దగ్గరగా ఉండొచ్చని. ఇంటి దగ్గర ఆయన చొక్కా ఉంది, చెప్పులున్నాయి. అవి మాట్లాడవు. అక్కడ రోజూ మధ్యాహ్నం ఏదో మాట్లాడుతోంది.

గ్రీజు నేర్పింది

ఇది నీకు పనికొచ్చే భాగం.

గ్రీజు గన్ను పిడి ఆయన చేతికి అరిగి ఉంది. నా వేళ్ళు ఆ గుంటల్లో పడేవి కావు, జారేవి. గన్ను ముక్కు పెట్టే చోటును నిప్పిల్ అంటారు. కొత్త గ్రీజు కొడితే లోపలి పాత గ్రీజు అంచుల్లోంచి బయటికి వస్తుంది. నేను మొదటిసారి కొట్టినప్పుడు వచ్చింది ఆయన పెట్టిన గ్రీజు. నల్లగా, వెచ్చగా. బేరింగు తర్వాత బేరింగు, చాలా రోజులు అట్లా ఆయన చేతిది బయటికి వస్తూనే ఉంది. చింపిగుడ్డతో తుడిచి పారేయడానికి చెయ్యి వచ్చేది కాదు. తుడవకపోతే దానికి దుమ్ము పట్టి రాయవుతుంది. తుడిచాను. ఈ పనిలో ముందు నేర్వాల్సింది తుడవడమే. నిప్పిల్ తుడవకుండా గ్రీజు కొడితే దాని మీది రాతిపొడిని మన చేత్తోనే బేరింగులోకి కూరినట్టు. అది లోపల ఉండి బేరింగును తినేస్తుంది.

ఎక్కువ కొడితే మంచిదనుకుంటారు, అదీ తప్పే. నిండుగా కూరితే లోపల వేడెక్కి సీలు చీలుతుంది. చేతికి కొంచెం బరువు తెలిసే దాకా కొట్టి ఆపాలి. గ్రీజు డబ్బాకు మూత ఉండాలి. మా ఓనరు చింతామణి నుంచి పెద్ద పీపా తెప్పించి చూటు పక్కనే మూత లేకుండా పెట్టించాడు, చేతికి దగ్గరగా ఉంటుందని. దానిపైన తెల్లగా రాతిపొడి మీగడ కట్టి ఉండేది. ఆ మీగడతో సహా బేరింగులకు పెట్టించి, బేరింగులు కొన్న అంగడివాణ్ణి తిట్టేవాడు.

ఓనరు పిసినారి కాదు, ఒక్కమాట చెప్పాలంటే. కూలి ఆలస్యం చేయలేదు, పెళ్ళిళ్ళకు డబ్బు సాయం చేశాడు. మెషిను దగ్గర మాత్రం ఆదా అంటే కొనకపోవడం, ఆపకపోవడం అనే రెండే తెలుసు. తెగిందాకా నడుపు, తెగినాక పరుగెత్తు. స్టోరు వెనక చచ్చిన రోలర్ల గుట్ట ఒకటి ఉండేది. ఏటికేడాది అది పెరుగుతుంటే కూడా ఆదా చేస్తున్నాననే అనుకున్నాడు.

ఆ కాలంలోనే ఇంజినీరు వచ్చాడు. ప్రదీప్ అని, నంది పక్క ఊరు. మెయింటెనెన్సు ఖర్చు తగ్గించడానికి ఓనరే జీతమిచ్చి పెట్టుకున్నాడు. వచ్చిన కొత్తలో అన్నాల వేళ మోత విన్నాడు. మేమంతా ఆయన మొహం చూశాం. నవ్వుతాడేమో, తిడతాడేమో అని. నవ్వలేదు.

"ఇది రోజూ వస్తాదా అమ్మా?" అని నన్నే అడిగాడు.

"ఎక్కువ దినాలు వస్తాది సార్. మాయన."

ఇంజినీరు తన అన్నం గిన్నె మూసి, ఆ వైపే చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు. నాకు ఆ చూపు నచ్చలేదు. నా దగ్గర మిగిలింది కూడా తీసుకుపోవడానికి వచ్చినట్టు అనిపించింది.

సరే అప్పా

ఒకరోజు పొద్దెక్కాక మూడో బెల్టు వెనక కొసన తిరిగే తోక డ్రమ్ము దగ్గర బేరింగు వేడెక్కింది. నేను తువ్వాలు ఊపాను, బెల్టు ఆగింది, లోపలికి దూరాను. అక్కడ మనిషి పడుకునే సందు మాత్రమే ఉంటుంది. మొహానికి జానెడు ఎత్తులో బెల్టు అడుగు. రబ్బరు వాసన, నూనె వాసన, ఇంకా చల్లారని ఇనుము. నేను పక్కకు తిరిగి నిప్పిల్ తుడుస్తున్నాను.

ఠంగ్.

నా తలకు ఆనుకుని ఉన్న చట్రంలోంచి వచ్చింది. చెవితో కాదు, పళ్ళతో విన్నాను. ఇంత దగ్గరగా ఎప్పుడూ వినలేదు. నిజం చెబుతున్నాను, ఆ క్షణం భయం వేయలేదు. వచ్చినావా అనుకున్నాను.

ఠంగ్.

క్యాబినులోంచి మునిరాజు గొంతు, "సరే అప్పా!"

ఆ కేక వినపడగానే నాకు అంతా తెలిసిపోయింది. నేను కొట్టలేదు. నేను లోపల ఉన్నాను. వాడు నొక్కబోతున్నాడు. ఆయన కూడా సరిగ్గా ఇక్కడే, ఇట్లాగే పడుకుని ఉన్నాడు, ఆయనకు కేక వినపడే చెవి లేదు.

"ఒరేయ్, నేను లోపలుండా! నరసమ్మను! నొక్కొద్దురా!"

చాకవేలు దాకా వినపడుతుందని ఆయన అన్న గొంతే నన్ను కాపాడింది. బెల్టు కదల్లేదు. నేను పాక్కుంటూ బయటికి వచ్చేసరికి మునిరాజు క్యాబిను మెట్ల మీద కూలబడి ఉన్నాడు. వాడి చెయ్యి ఇంకా మీట నొక్కే తీరులోనే వంగి ఉంది.

"రెండు దెబ్బలు పడినాయమ్మా. నువ్వే కొట్టినావనుకుంటి. పని ముగించుకొని నువ్వు కొట్టినట్టే ఉండె."

"ఆ దినం గంగులప్ప కూడా ఇదే చెప్పినాడురా" అన్నాను. అని, ఆ మాట నా నోట్లోంచి వచ్చినాక నేనే కింద కూర్చున్నాను.

వాడు అబద్ధం చెప్పలేదు. మొదటి నుంచీ విన్నదే చెప్పాడు.

పాత బోల్టులు

ఇంజినీరు మెయిన్ స్విచ్చు తీయించి, తనే చూటులోకి తల పెట్టి దీపం వేసి చూశాడు. చూటు లోపల రాళ్ళు తగిలే పక్కన ఒక మందపు ఇనుప పలక బిగిస్తారు, చూటు అరగకుండా. దాన్ని లైనరు అంటారు. ఆ పలక బోల్టులు వదులుగా ఉన్నాయి. జల్లి నిండుగా పోతున్నంతసేపూ ఆ బరువుకు పలక అణిగి ఉంటుంది. బెల్టు ఆగి, మిగిలిన రాళ్ళు సర్దుకున్నాక పలక వెనక్కి లేస్తుంది. ముందు ఒక అంచు తగులుతుంది, తర్వాత రెండో అంచు.

ఇంజినీరు చేత్తో పలకను నొక్కి వదిలాడు. ఠంగ్. ఠంగ్.

అంతమంది చూస్తుండగా, పట్టపగలు, ఆ మోత వచ్చింది. దారికి నీళ్ళు చల్లుతున్న గంగులప్ప పైపు వదిలేసి వచ్చి దూరంగా నిలబడ్డాడు. నీళ్ళు వాటి పాటికి అవి పారుతున్నాయి.

"ఈ పలక ఎప్పుడు వేసినారు?" అని ఇంజినీరు అడిగాడు.

గంగులప్పే చెప్పాడు. "రవణప్ప పోయేదానికి కొంచెం ముందు సార్. పలక కొత్తదే. బోల్టులు పాతవి. ఇప్పటికి సర్దుకోండి, మళ్ళా చూద్దాం అనిరి."

అనింది ఓనరని అందరికీ తెలుసు. ఓనరు నేల చూపులు చూశాడు.

పలక ఊడదీసి కొత్త బోల్టులు వేయాలి. మొగవాళ్ళు ముందుకు రాలేదు. ఆయప్ప ఉండే తావు అది, తీసేస్తే యాడికి పోతాడు, ఎవురిని పట్టుకుంటాడు అని గొణిగారు. ఇంజినీరు నా వైపు తిరిగాడు.

"అమ్మా, మీరు వద్దంటే ఈపొద్దు తియ్యను. అంతదాకా బెల్టు మాత్రం నడపను."

ఇంజినీరు అది మంచిగానే అన్నాడు. ఆ పలక బిగిస్తే నాకు మధ్యాహ్నాలు ఖాళీ అవుతాయని ఆయనకు తెలుసు. క్రషరు ఆగి ఉంది, టిప్పర్లు నిలబడి ఉన్నాయి, ఓనరు నోరు తెరవలేదు. అందరూ నా మొహమే చూస్తున్నారు. నేను నా మొగుడి స్పానరు తీసుకున్నాను.

బోల్టులు వదులే, తేలిగ్గా తిరిగాయి. మొదటిది చేతిలోకి వచ్చింది. దాని మర చుట్లు అరిగిపోయి ఉన్నాయి. మర పట్టడానికి దాని చుట్టూ జనపనార చుట్టి, గ్రీజు పూసి ఉంది. అది ఆయన పద్ధతి. ఇంట్లో రాగుల గోనెసంచి కొస లాగి నార తీసి జేబులో పెట్టుకుపోయేవాడు, సంచికి చిల్లి పెట్టినావని నేను పోట్లాడేదాన్ని. ఆ నార నా సంచిదే. అరిగిన బోల్టులతో ఎట్లాగైనా నిలబెట్టాలని ఆయనే తన వేళ్ళతో చుట్టిన నార అది. రాళ్ళ దెబ్బకు నలిగి, ఒదిగి, వదులైంది.

ఆ మోత ఆయనది కాదు, పలకది అని తర్వాత అందరూ చెప్పుకున్నారు. ఇంజినీరు కూడా అట్లాగే చెప్పాడు. అది సరైన మాటే. ఆ నార వేళ్ళ మధ్య పట్టుకున్నదాన్ని నేను, నాకు అంత సులువుగా ఆ మాట రాలేదు.

కొత్త బోల్టులు నేనే బిగించాను. చివరిదాన్ని బిగిస్తుంటే స్పానరు ఇంక తిరగనని మొండికేసింది. అక్కడ ఆపాను.

గంగులప్ప దగ్గరికి పోయి "నువ్వు విన్నది నిజమేనప్పా" అన్నాను. వాడు తల ఊపాడు. "నేను నొక్కింది కూడా నిజమే కదమ్మా" అన్నాడు.

తాళం

మరుసటి దినం నుంచి పద్ధతి మారింది. మార్చింది ఇంజినీరు, నిలబెట్టింది మేము. రోజూ అన్నాల వేళకు క్రషరు ఆపినప్పుడే గ్రీజు, బిగింపులు, ఊడ్పు అన్నీ. మధ్యలో తువ్వాలు ఊపడం లేదు. మెయిన్ స్విచ్చుకు తాళం వేసి ఆ తాళంచెవి లోపలికి దూరే మనిషి నడుముకు కట్టుకోవాలి. దానికి మారు తాళంచెవి లేదు. బయటికి వచ్చినాక క్యాబిను ముందు నిలబడి మొహం చూపించి, నోటితో పేరు చెప్పాలి. "నేను నరసమ్మ, బయట ఉండా." అప్పుడే తాళం తీయాలి. ఇనుము మీద దెబ్బ కొడితే దానికి అర్థం లేదు అని అందరితో చెప్పించాడు.

ఓనరు మొదట్లో సణిగాడు. "ఆపితే నష్టం కదప్పా."

ఇంజినీరు ఆయన్ని స్టోరు వెనక చచ్చిన రోలర్ల గుట్ట దగ్గరికి నడిపించుకుపోయాడు. "ఇది కూడా ఆపినందుకేనా సార్, నష్టం?" అని ఊరుకున్నాడు. మరుసటి వానాకాలానికి ఆ గుట్ట పెరగలేదు. దాని మీద గడ్డి మొలిచింది. అది చూసినాక ఓనరే గ్రీజు పీపాకు మూత చేయించాడు. ఆపడం వేరు, ఆగిపోవడం వేరు అని ఆయనకు ఆలస్యంగా తెలిసింది. నువ్వు చేరే చోట ఓనరుకు తెలిసి ఉంటుందని అనుకోవద్దు. ఆ గుట్ట యాడుందో ముందు వెతుకు. ప్రతి క్వారీలోనూ ఒకటి ఉంటుంది.

పలక బిగించినాక మధ్యాహ్నాలు మూగబోయాయి. ఆడవాళ్ళు రాయి మీద సంగటి పెట్టడం మానేశారు. ఎర్ర కుక్క మాత్రం మానలేదు. క్రషరు ఆగి కాసేపు గడిచినాక, ఏ మోతా లేకపోయినా, చెవులు నిక్కించి లేచేది. తోక ఊపుకుంటూ మూడో బెల్టు దాకా పోయి తల పైకెత్తి నిలబడేది. అలవాటు అన్నాడు ఇంజినీరు. అయి ఉండొచ్చు. అది చచ్చేదాకా ఆ అలవాటు పోలేదు. తలను ఒక మనిషి ఎత్తుకే ఎత్తేది.

నేను పని మానేసిన రోజు, తాళంచెవి ఇచ్చేయకముందు, చివరిసారి లోపలికి దూరాను. ఆయన మాదిరి స్పానరు కొస చట్రానికి ఆనించి, రెండో కొస చెవి వెనక ఎముకకు పెట్టుకున్నాను. ఆగిన ఇనుము మౌనంగా ఉంటుందనుకుంటారు. ఉండదు. ఎక్కడో ఎవరో మెట్లు దిగుతున్నారు. నిదానంగా, అడుగు వెనక అడుగు, నా వైపే వస్తున్నట్టు. బయటికి వచ్చి చూస్తే అవతలి కొసన మునిరాజు క్యాబిను మెట్లు దిగి నీళ్ళ కుండ దగ్గరికి పోతున్నాడు. అంతే. అంతేనని తెలిసినా, ఆ నడక నా దాకా వచ్చి ఆగిందా, దాటిపోయిందా అని ఇప్పటికీ ఆలోచిస్తాను.

రూపా, సోమవారం నుంచి నువ్వు కూడా బెల్టు కింద దూరతావు, లేదా దూరే మనుషుల్ని పంపుతావు. ఏదో ఒకరోజు తాళంచెవి ఇటివ్వు, తొందరగా ఉంది అని ఎవరో అంటారు. ఓనరే అంటాడు, నవ్వుతూ అంటాడు. ఇవ్వొద్దు. ఏ మోతనూ, ఏ సైగనూ నమ్మొద్దు. మోతకు మనిషి ఉండనక్కరలేదు. నేను చూశాను.

ఇంక చాలు. గొంతు పట్టేసింది. ఇప్పుడు మొదటి నుంచి నాకు చదివి వినిపించు తల్లీ. తాత పేరు వచ్చిన చోటల్లా గట్టిగా చదువు, నేను పలకనిది నువ్వు పలుకు. మధ్యలో పెన్నుతో బల్ల మీద కొట్టొద్దు, నీకా అలవాటు ఉంది. ముగిసినాక పుస్తకం మూసిన చప్పుడుతో నాకు తెలిసిపోతుందనుకోవద్దు. నా మొహం చూసి, "అయిందవ్వా, నేను రూపను" అని నోటితో చెప్పు. అప్పుడే లేస్తా. చదువు.